సరుకు వ్యోమనౌకల గుర్తులు, దీపాలు: ఒక పరిశీలన

కథలో ఎగిరే ఓడకు నిజమైన ఓడల నియమాలతో పని ఏమిటని కొందరు ప్రశ్నించవచ్చు. కల్పనకు హద్దు లేదన్న మాట నిజమే. అయితే హద్దు లేకపోవుట వేరు, పొందిక లేకపోవుట వేరు. ఒక కల్పనను పాఠకుడు నమ్మడానికి అందులోని వస్తువులు లోకంలో ఉండనక్కర లేదు. అవి ఒకదానితో ఒకటి పొసగి ఉంటే చాలు. ఈ దృష్టితోనే, శాస్త్రకల్పనా సాహిత్యంలోను, చలనచిత్రాలలోను కనిపించే సరుకు వ్యోమనౌకల మీద ఉండదగిన గుర్తులను గురించి, దీపాలను గురించి ఈ వ్యాసంలో పరిశీలించదలచాము.

యుద్ధనౌకలను విడిచి సరుకు నౌకలను ఎన్నుకొనుటకు కారణం ఉంది. యుద్ధనౌక తన ఉనికిని దాచుకోవాలని చూస్తుంది. సరుకు నౌక తాను ఎవరో, ఎటు పోతున్నదో, ఏమి మోస్తున్నదో నలుగురికీ తెలియజేయాలి. కనుక దాని దేహం మీది ప్రతి గుర్తూ ఒక వాక్యం వంటిది. వాక్యానికి కర్త, కర్మ, క్రియ ఉన్నట్లే గుర్తుకు కూడా మూడు అంగాలు ఉన్నాయి: చెప్పేవాడు, చదివేవాడు, చదివిన పిదప చేయవలసిన పని. వీటిలో మొదటిదానిని ఎవరూ మరచిపోరు. తక్కిన రెండింటినీ మరచినప్పుడే గుర్తు వట్టి అలంకారమై మిగులుతుంది. విద్యార్థులు బొమ్మ గీయడానికి ముందు ఈ సంగతి గ్రహించాలని మా ఉద్దేశం.

ఒక గీత కథ

సముద్రపు ఓడల చరిత్రలో ఇందుకు గొప్ప ఉదాహరణ ఒకటి ఉంది. పంతొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండులో కొందరు యజమానులు పాత ఓడలలో మోతకు మించిన సరుకు నింపి సముద్రంలోకి పంపేవారు. ఓడ మునిగినా యజమానికి బీమా సొమ్ము దక్కేది. నావికుడి ఇంటికి దుఃఖం దక్కేది. అట్టి ఓడలను ప్రజలు శవపేటికలు అని పిలిచారు. పార్లమెంటు సభ్యుడు సామ్యూల్ ప్లిమ్‌సాల్ ఈ అన్యాయం మీద పట్టుదలతో పోరాడాడు. ఫలితంగా 1876లో, ఓడ పక్కన బరువు హద్దును తెలిపే గీత ఉండాలని చట్టం వచ్చింది. గీత నీటిలో మునిగితే బరువు మించినట్లు లెక్క.

ఇక్కడ గమనించవలసిన విశేషం మరొకటి ఉంది. ఆ చట్టం గీత ఉండాలన్నదే కాని, ఎక్కడ ఉండాలో నిర్ణయించే పని యజమానికే వదిలివేసింది. గీతను తనకు నచ్చిన ఎత్తున గీసుకొనేవాడికి ఆ గీత వలన కలిగే అడ్డు ఏమీ లేదు. ఈ లోపాన్ని సవరించి గీత స్థానాన్ని చట్టమే స్థిరపరచడానికి 1890 వరకు ఆగవలసి వచ్చింది. గుర్తు ఉండుట ఒక ఎత్తు, దానిని యజమాని మార్చలేకపోవుట మరొక ఎత్తు. రేవులో నిలబడిన కళాసీ తన కంటితో చూసి, ఈ ఓడ ఎక్కరాదని తెలుసుకోగలిగినప్పుడే ఆ గీత సార్థకం. మన ఊహానౌకకు గుర్తులు కల్పించేటప్పుడు మొదట జ్ఞాపకం ఉంచుకోవలసిన పాఠం ఇదే.

నాస్ట్రొమో నౌక

కల్పిత సరుకు నౌకలలో మిక్కిలి ప్రసిద్ధమైనది 1979లో రిడ్లీ స్కాట్ దర్శకత్వంలో వచ్చిన ఏలియన్ చలనచిత్రంలోని నాస్ట్రొమో. దాని పేరు జోసెఫ్ కాన్రాడ్ 1904లో ప్రచురించిన నవల నుండి తీసుకొన్నది. చిత్రారంభంలో తెర మీద కనిపించే వివరాల ప్రకారం అది ఒక వాణిజ్య లాగుడు నౌక, సిబ్బంది ఏడుగురు, 2 కోట్ల టన్నుల ముడి ఖనిజాన్ని శుద్ధిచేసే కర్మాగారాన్ని లాగుకొంటూ భూమికి తిరిగి వస్తున్నది.

ఆ చిత్రానికి పనిచేసిన రూపకర్తలలో రాన్ కాబ్ ఒకడు. అమెరికాలో పుట్టి ఆస్ట్రేలియాలో స్థిరపడిన ఈ వ్యంగ్య చిత్రకారుడు 2020లో మరణించాడు. 1969లో పర్యావరణ ఉద్యమానికి ఒక చిహ్నాన్ని రూపొందించినది కూడా ఇతడే. నాస్ట్రొమో గోడల కొరకు కాబ్ ఒక చిహ్నావళిని తయారుచేశాడు. నక్షత్రాల నడుమ తిరిగే వాణిజ్య నౌకలన్నింటికీ వర్తించే ప్రమాణం అని దానికి పొడుగైన పేరు కూడా పెట్టాడు. గుండ్రని మూలలు గల చతురస్రాలలో ఒక్కొక్క సంగతికి ఒక్కొక్క బొమ్మ ఉంటుంది: ఇక్కడ గాలి ఒత్తిడి ఉన్నది, ఈ తలుపు దాటితే గాలి లేదు, ఇక్కడ కృత్రిమ గురుత్వం ఉన్నది, ఇది శీతల గది, ఇది నిచ్చెన దారి. కాఫీకి కూడా ఒక గుర్తు ఉంది!

ఈ బొమ్మలలో అనేకం తెర మీద ఒక్క క్షణం కూడా నిలువవు. అయినా వాటి వలన ప్రేక్షకునికి ఒక నమ్మకం కలుగుతుంది. ఈ నౌకలో మనుషులు నిజంగా బతుకుతున్నారు, పనిచేస్తున్నారు, అలసి కాఫీ తాగుతున్నారు అన్న నమ్మకమది. కథలో నౌక యజమాని అయిన సంస్థ, తనకు కావలసిన వింత ప్రాణి కొరకు సిబ్బంది ప్రాణాలను లెక్కలోనికి తీసుకోదు. ఏ తలుపు వెనుక గాలి లేదో ముందుగా హెచ్చరించే గోడలు, సిబ్బంది పోయినా ఫరవాలేదనే యజమాని: ఈ రెంటినీ పక్కపక్కన చూసినప్పుడు ప్లిమ్‌సాల్ గీత మనకు మళ్లీ గుర్తుకు వస్తుంది.

పేరు, సంఖ్య, అక్షరం

నౌక బయటి గోడ మీద మొదట రాయవలసినవి పేరు, సంఖ్య. ఇవి ఎంత పెద్దవిగా ఉండాలి? దీనికి చిన్న లెక్క ఉంది. లోపం లేని కంటికి ఒక అక్షరం గుర్తు తెలియాలంటే ఆ అక్షరపు ఎత్తు కంటి దగ్గర సుమారు 5 కళల కోణం చేయాలని నేత్రవైద్యుల ప్రమాణం. ఒక డిగ్రీలో 60వ వంతు ఒక కళ. ఈ లెక్కన 1 కిలోమీటరు దూరం నుండి చదవడానికి అక్షరం కనీసం ఒకటిన్నర మీటర్లు ఉండాలి. ఇది హద్దు మాత్రమే. సులువుగా చదవాలంటే అందుకు రెట్టింపు, అనగా 3 మీటర్లు కావాలి. 10 కిలోమీటర్ల నుండి చదవాలంటే 30 మీటర్ల అక్షరం, అనగా పదంతస్తుల మేడంత అక్షరం కావలసి వస్తుంది. దూరానికి దీపం, దగ్గరకు అక్షరం అన్న విభజన ఈ లెక్క నుండే పుడుతుంది.

అక్షరపు ఎత్తుతో పాటు ఆకారాన్ని కూడా చూడాలి. తెలుగులో ‘ప’కు, ‘వ’కు నడుమ భేదం అతి స్వల్పం. ఉర్దూలో ‘బే’, ‘పే’, ‘తే’ అనే అక్షరాల మూలరూపం ఒక్కటే. చుక్కల సంఖ్యను బట్టి, స్థానాన్ని బట్టి అక్షరం మారిపోతుంది. పుస్తకంలో ఇది అందమే. కాని వేడికీ చలికీ రంగు పెచ్చులూడిన నౌక గోడ మీద ఒక చుక్క రాలితే ఒక నౌక మరొక నౌక అవుతుంది. కనుక ఒక చుక్క, ఒక కొమ్ము పోయినంత మాత్రాన అర్థం మారిపోయే గుర్తును నౌక మీద వాడరాదు.

సంఖ్యలో పొరపాటు రాకుండా చూసే ఉపాయం నేటి రేవులలో ఉంది. సముద్రాలు దాటే పెద్ద సరుకు పెట్టెల మీద నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, వాటి చివర విడిగా మరొక అంకె కనిపిస్తాయి. ఆ చివరి అంకెను ముందున్న అక్షరాల నుండి, అంకెల నుండి ఒక నియమం ప్రకారం లెక్కకట్టి రాస్తారు. ఎవరైనా ఒక అంకెను తప్పుగా రాసుకొంటే లెక్క కుదరదు. తప్పు అప్పుడే బయటపడుతుంది. కల్పిత నౌకకు సంఖ్య పెట్టే విద్యార్థి ఇట్టి తనిఖీ అంకెను చేర్చినట్లయితే, ఆ లోకంలో ఎప్పుడో ఒక పొరపాటు జరిగి ఉంటుందని, దాని నుండి మనుషులు పాఠం నేర్చుకొని ఉంటారని పాఠకునికి చెప్పకయే చెప్పినట్లవుతుంది.

కొన్ని గుర్తులకు అక్షరాలే అవసరం లేదు. చంద్రుని మీదికి మనుషులను పంపిన సాటర్న్-5 రాకెట్టు మీది నలుపు తెలుపు పట్టీలు అందం కొరకు వేసినవి కావు. రాకెట్టు పైకి లేచేటప్పుడు తన చుట్టూ తాను ఎంత తిరిగినదో నేల మీది కెమెరాల ద్వారా తెలుసుకోవడానికి వేసినవి. అట్లే రెండు నౌకలు కలిసే చోట ఒక పలక మీద గుర్తు గీసి, దాని ముందు చిన్న కాడ మీద ఒక శిలువ ఆకారాన్ని నిలబెడతారు. నడిపేవాడు సూటిగా వస్తుంటే శిలువ సరిగ్గా పలక మీది గుర్తుపై నిలుస్తుంది; పక్కకు ఒరిగితే శిలువ కూడా పక్కకు జరిగినట్లు కనిపిస్తుంది. ఒక్క మాట లేకుండా, ఎటు సరిచేసుకోవాలో ఆ గుర్తే చెబుతుంది.

కన్ను గుర్తించలేని చోట ఏమి జరుగునో 1997 జూన్ 25న మీర్ అంతరిక్ష కేంద్రంలో తెలిసింది. ప్రోగ్రెస్ ఎం-34 అనే మానవరహిత సరుకు నౌకను కేంద్రంలోని వ్యోమగామి టెలివిజన్ తెర మీద చూస్తూ దూరం నుండి నడిపిస్తున్నాడు. ఆ దృశ్యంలో కేంద్రం వెనుక భూమి మీది మబ్బులు ఉన్నాయి. వాటి నడుమ కేంద్రాన్ని గుర్తుపట్టుట కష్టమైంది. దూరాన్ని, వేగాన్ని తెలిపే రాడారు కొలతలు కూడా అప్పుడు అందలేదు. సరుకు నౌక వచ్చి స్పెక్టర్ అనే భాగాన్ని ఢీకొట్టింది. లోపలి గాలి బయటికి పోసాగింది. ముగ్గురు వ్యోమగాములు తలుపుకు అడ్డంగా ఉన్న తీగలను కోసి, ఆ భాగాన్ని మూసివేసి ప్రాణాలు దక్కించుకొన్నారు. ప్రమాదానికి కారణాలు అనేకం. అయినా నేపథ్యంలో కలిసిపోని ఆకారం ఎంత అవసరమో ఈ ఘటన వలన మనకు అర్థమవుతుంది.

దీపాల భాష

ఇక దీపాలు. సముద్రంలో ఓడ ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క ఆకుపచ్చ, వెనుక తెలుపు, పైన స్తంభం మీద ముందువైపుకు తెలుపు దీపం వెలుగుతాయి. 1972లో కుదిరి 1977లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ నియమాల ప్రకారం పక్క దీపం ఒక్కొక్కటి 112.5 డిగ్రీల మేర, వెనుక దీపం 135 డిగ్రీల మేర కనిపించాలి. మూడూ కలిస్తే సరిగ్గా 360. ఎదుటి ఓడలో ఎరుపు, ఆకుపచ్చ రెండూ కనిపిస్తే అది నేరుగా మన మీదికి వస్తున్నది. తెలుపు ఒక్కటే కనిపిస్తే సాధారణంగా మనకు వీపు చూపి పోతున్నది. చీకటిలో ఓడ ఆకారం కనబడకపోయినా దాని నడక తెలుస్తుంది.

మరొక ఓడను వెనుక లాగుకొంటూ పోయే ఓడ, స్తంభం మీద ఒక దీపానికి బదులు నిలువుగా రెండు దీపాలు పెట్టాలి. లాగబడే దాని కొస వరకు పొడవు 200 మీటర్లు మించితే మూడు పెట్టాలి. వెనుక దీపానికి పైన పసుపు దీపం కూడా ఉండాలి. రెంటి నడుమ చీకటిలో ఒక తాడు ఉంది, మధ్యగా పోవద్దని చెప్పుటకే ఈ ఏర్పాటు. నాస్ట్రొమో వంటి లాగుడు నౌకను చిత్రించేవారికి ఇంతకంటె మంచి ఆధారం దొరకదు.

అయితే సముద్రపు నియమాన్ని యథాతథంగా ఆకాశానికి ఎత్తుకొనిపోరాదు. ఓడలన్నీ ఒకే నీటి మట్టం మీద తిరుగుతాయి. వాటికి పైన ఏది, కింద ఏది అన్న సందేహం లేదు. వ్యోమనౌక తలకిందులుగా కూడా రావచ్చు. అప్పుడు ఎరుపు, ఆకుపచ్చ దీపాలు చూసేవాడికి తారుమారవుతాయి. అందుచేత పై భాగానికి, అడుగు భాగానికి వేరు గుర్తు తప్పనిసరి. అపోలో నౌకల మీద ఎరుపు, ఆకుపచ్చలతో పాటు పసుపు దీపాలు కూడా ఉండేవి. పురుషులలో కొందరికి ఎరుపు, ఆకుపచ్చల భేదం పుట్టుకతోనే సరిగా తెలియదు. కనుక రంగు ఒక్కదాని మీద ఆధారపడరాదు. పై దీపం రెండు మార్లు చకచకా వెలిగి ఆగాలని, అడుగు దీపం ఒక్కసారి నిదానంగా వెలిగి ఆగాలని మేము సూచిస్తున్నాము. కవిత్వంలో వలెనే ఇక్కడ కూడా గురులఘువుల క్రమం అర్థాన్ని మోస్తుంది.

ఒంటరి దీపం దూరాన్ని చెప్పలేదు. దగ్గరి గుడ్డి దీపమూ, దూరపు కాంతిగల దీపమూ ఒక్కలాగే తోస్తాయి. కాని నౌక రెండు కొసలా, సరిగ్గా 100 మీటర్ల ఎడంతో రెండు దీపాలు పెట్టి, నౌకను పక్కవైపు నుండి చూస్తే, వాటి నడుమ కోణాన్ని బట్టి దూరం లెక్కకట్టవచ్చు. 10 కిలోమీటర్ల నుండి ఆ కోణం అర డిగ్రీకి కొంచెం ఎక్కువ. ఇంచుమించు మనకు పున్నమి చంద్రుడు కనిపించేటంత.

చిత్రకారులు తరచుగా చేసే పొరపాటు ఒకటి ఉంది. దీపం నుండి పొడుగైన కాంతి దారి బయలుదేరినట్లు గీస్తారు. మన వీధులలో అట్లా కనిపించుటకు కారణం గాలిలోని ధూళి, మంచు. శూన్యంలో అవి లేవు. కాంతి ఏదైనా వస్తువు మీద పడిన చోటే మచ్చవలె కనిపిస్తుంది. ఎండ పడే వైపు కళ్లు చెదిరే వెలుగు, పడని వైపు కటిక నలుపు. అందుచేత రాత్రిపూట మాత్రమే కాక నీడ వైపు ఎల్లప్పుడూ, సరుకు దించే ద్వారాల వద్దా, పట్టుకొనే కమ్ముల వద్దా, పేరు రాసిన చోటా దీపాలు ఉండాలి.

లోపలి గోడలు

నౌక లోపల సమస్య మరొక విధం. చీకటికి అలవాటుపడిన చూపు చెదరకుండా ఓడలలో రాత్రి ఎర్రదీపం వాడుట పరిపాటి. కాని తెల్లని పలక మీద ఎర్రని అక్షరాలతో అపాయం అని రాసి, ఆ గదిలో ఎర్రదీపం వెలిగిస్తే అక్షరాలు పలకలో కలిసిపోతాయి! సముద్ర పటాలలో కొన్ని ముఖ్య సూచనలను ఎరుపుకు బదులు ఊదా కలిసిన ఎరుపుతో అచ్చువేయుటకు ఇది ఒక కారణం. గుర్తును గీసేవాడు, దీపాన్ని అమర్చేవాడు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి.

బొమ్మలకు భాష లేదు, అందరూ చదవగలరు అని అంటారు. ఇది సగం మాత్రమే నిజం. మన కళాశాల సంచికనే చూడండి. తెలుగు పుటలు ఎడమ నుండి కుడికి సాగుతాయి. ఉర్దూ పుటలు కుడి నుండి ఎడమకు సాగుతాయి. నౌక గోడ మీద మూడు బొమ్మలు వరుసగా ఉన్నాయనుకొందాం: తలుపు మూయుట, మీట తిప్పుట, గాలి బయటికి వదలుట. ఎడమ నుండి చదివిన విద్యార్థి క్షేమంగా ఉంటాడు. కుడి నుండి చదివిన విద్యార్థి ముందు గాలి వదలి ఆ తరువాత తలుపు మూస్తాడు. ఇద్దరూ సరిగానే చదివారు, తప్పు గీసినవాడిది. పై నుండి కిందికి పేర్చుట రెండు లిపులకూ సమ్మతమే. పైనా కిందా లేని చోట బొమ్మ పక్కన 1, 2, 3 అని అంకెలు వేయాలి. రెండు భాషల వారు ఒక గూటి కింద చదువుకొనే చోట ఈ సంగతి మనకు ఇతరుల కంటె ముందుగా తట్టవలసినది.

చదవలేని హెచ్చరిక

ఇదంతా కథలకు సంబంధించిన వినోదం అనుకొనేవారికి రెండు యథార్థాలను మనవి చేస్తున్నాము. 1987లో బ్రెజిల్ దేశంలోని గోయానియా నగరంలో, విడిచిపెట్టిన ఒక చికిత్సాలయ భవనం నుండి ఇద్దరు మనుషులు ఒక యంత్రభాగాన్ని పాత ఇనుము కొరకు తీసుకొనిపోయారు. అందులో సీసియం-137 అనే రేడియోధార్మిక పదార్థం ఉంది. చీకటిలో అది నీలంగా మెరిసింది. అది ఏమిటో తెలియక ఇరుగుపొరుగువారు ముచ్చటపడి పంచుకొన్నారు. ఒక చిన్న బాలికతో సహా నలుగురు మరణించారు. 2010లో మన ఢిల్లీలోని మాయాపురి పాత ఇనుము బజారులో కోబాల్టు-60 వలన ఇటువంటిదే జరిగి ఒక కార్మికుడు ప్రాణం కోల్పోయాడు.

రేడియోధార్మికతకు మూడు రేకుల గుర్తు 1946లోనే అమెరికాలో పుట్టింది. చదువుకొన్నవాడికి అది హెచ్చరిక. చదువుకోనివాడికి అది పంఖా బొమ్మ. ఈ లోపాన్ని గుర్తించి 2007లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ కలిసి మరొక గుర్తును ప్రకటించాయి. ఎర్రని త్రిభుజంలో మూడు రేకుల నుండి వెలువడే కిరణాలు, ఒక పుర్రె, పరుగెత్తే మనిషి. దీనిని 11 దేశాలలోని జనానికి చూపి, వారికి ఏమని అర్థమైనదో అడిగి తెలుసుకొన్న తరువాతనే ఖాయం చేశారు. పండితుల గదిలో పుట్టిన గుర్తు పామరుని పరీక్షకు నిలిచింది.

సరుకు మోసే హమాలీ, పాత ఇనుము కొనేవాడు, చదువు రాని కళాసీ: వీరే గుర్తుకు అసలైన పాఠకులు. వీరికి అర్థం కాని హెచ్చరిక ఎంత చక్కగా గీసినా లేనిదానితో సమానం.

విద్యార్థులకు అభ్యాసం

కనుక ఊహానౌకను గీయబోయే విద్యార్థి ముందుగా ఐదు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ గుర్తును చదివేది ఎవరు? ఎంత దూరం నుండి చదువుతారు? ఏ వెలుగులో చదువుతారు? చదివి ఏమి చేయాలి? చదవలేకపోతే ఎవరికి నష్టం? చివరి ప్రశ్నకు జవాబు లేకపోతే ఆ గుర్తును నిస్సంకోచంగా చెరిపివేయవచ్చు. జవాబు ఉంటే గీసిన బొమ్మను విజ్ఞానశాస్త్రం చదివే మిత్రునికి, భాషలు చదివే మిత్రునికి, ఆ పిదప కళాశాల గేటు దగ్గర ఉండే కావలివానికి కూడా చూపి, ఏమి అర్థమైనదని అడగాలి. ముగ్గురూ ఒకే మాట చెబితే గుర్తు పరీక్షలో నెగ్గినట్లు.

మన శ్రీహరికోట నుండి 2024 డిసెంబరు 30న బయలుదేరిన రెండు చిన్న ఉపగ్రహాలు 2025 జనవరి 16న ఆకాశంలో ఒకదానితో ఒకటి కలిశాయి. 2035 నాటికి మన దేశానికి స్వంత అంతరిక్ష కేంద్రం ఉండాలని ప్రభుత్వం లక్ష్యంగా ప్రకటించింది. అది నెరవేరిన నాడు దానికి నీరు, ఆహారం, గాలి మోసుకొనిపోయే సరుకు నౌకలు కూడా కావాలి. వాటికి గుర్తులు, దీపాలు కావాలి. వాటిని గీసేవారిలో ఈ కళాశాల విద్యార్థి కూడా ఉండాలని, అతడు గీసే మొదటి గీత యజమాని పేరు కొరకు కాక పనివాని ప్రాణం కొరకు కావాలని కోరుకొంటూ ఈ వ్యాసాన్ని ముగిస్తున్నాము.